అమ్మాయి అప్లికేషన్‌లో నా సంతకం సంగతి

ఈసారి పంటల గురించి కాదు, మా ఇంట్లో జరిగింది. కొంచెం పొడుగ్గానే ఉంటది, తీరిక చేసుకుని చదవండి.

మా అమ్మాయి బాపట్ల వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ చేసి, మూడేళ్లపైన విజయవాడలో ఉద్యోగం చేసింది. ఇప్పుడు అమెరికాలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ మాస్టర్స్ చదవాలని ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్‌కి అప్లై చేసింది. చదువయ్యాక తిరిగి మన దేశం రావాలనేది షరతు. మార్కులొక్కటే చాలవంట. మూడేళ్లు ఉద్యోగం చేసుండాలి, జనం కోసం ఏం చేశావో కూడా చూపించాలి.

నాకు తెలిసిన సేవంటే ఫోటో ఉన్న సేవ. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండి పడి సింగ్‌నగర్ మునిగినప్పుడు మన మంగళగిరి వైపు నుంచి పులిహోర పొట్లాలు పంపాం గదా, అమ్మాయి కూడా ఒక పూట వచ్చింది. ఆ ఫోటో పెట్టెయ్యమన్నా. విజయవాడలో ఒక కన్సల్టెంట్ అయితే సేవా సంస్థ సర్టిఫికెట్‌తో సహా వ్యాసం మొత్తం తనే రాయించి ఇస్తానన్నాడు. నేను అడ్వాన్స్ కూడా ఇచ్చొచ్చా. (అది తిరిగి రాలేదు, అడక్కండి.)

అమ్మాయి ఒప్పుకోలా. "ఒక పూట పనిని పేజీ నిండా రాస్తే చదివేవాళ్లకి తెలిసిపోద్ది నాన్నా. ఎన్‌ఎస్‌ఎస్‌లో రెండేళ్లకి 240 గంటలు చాలామందికి ఉంటాయి. ఆఖరి ఏడు పల్లెల్లో ఉండి రైతులతో పనిచెయ్యడం మా కోర్సులోనే ఉంది. ఎవరూ చెప్పకుండా నేను చేసిందేదో అది రాస్తా" అంది.

తను చేసిందేంటో నాకు తెలుసు, కానీ దాన్ని సేవ అనుకోలా. రెండేళ్లు ఆదివారం ఆదివారం ఇంటికొచ్చి, మా అరుగు మీద కూర్చుని కౌలురైతులకి సీసీఆర్సీ కార్డు కాగితాలు నింపేది. సెలవు రోజున కూడా ఈ పిల్లకి విశ్రాంతి లేదని విసుక్కునేవాణ్ణి.

రాసింది ఇంగ్లీషులో. తెలుగులో చదివి వినిపించమన్నా. పద్నాలుగు మంది కౌలుదార్లకి ప్రయత్నిస్తే ఐదుగురికే కార్డులొచ్చాయని రాసింది. మిగతా తొమ్మిది మందికి ఎందుకు రాలేదంటే, భూమి యజమాని సంతకం పెట్టలా. తర్వాత వాక్యం చదవడానికి కొంచెం ఆగింది. "ఆ యజమానుల్లో ఒకరు మా నాన్న."

తీసెయ్యమన్నా. గట్టిగానే అరిచా.

మీలో కౌలుకిచ్చినవాళ్లకి నా భయం చెప్పక్కర్లేదు. రాజధాని వచ్చాక మన వైపు సెంటు రేటెంతో మీకు తెలుసు. కాగితం మీద సంతకం పెడితే రేపు పొలం నాదంటాడేమోనని. 2019 చట్టంలో కార్డు పదకొండు నెలలకేనని, దాంతో భూమి మీద ఏ హక్కూ రాదని స్పష్టంగా ఉంది. అమ్మాయి నాకు రెండుసార్లు చదివి వినిపించింది కూడా. విన్నా, పెట్టలా.

ఇంకోటి చెప్పాలి. 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానుకి నా ఎకరంన్నరలో వరి పడిపోయింది. పెట్టుబడి కౌలుదారుడిది. ఈ-క్రాప్‌లో పేరు నాది. పరిహారం నా ఖాతాకే వచ్చింది. సగం అతనికిచ్చి, ఏదో దానం చేసినట్టు నలుగురికీ చెప్పుకున్నా. అతను ఏమీ అనలా. కౌలు మాత్రం ఆ ఏడు కూడా పూర్తిగా ఇచ్చాడు.

అమ్మాయి అన్నది ఇది: "నువ్వు చెడ్డోడివని రాయలా నాన్నా. నువ్వు ఎందుకు భయపడ్డావో రాశా. చట్టం ఉంది, కార్డుంది, ఆఫీసుంది. అయినా మన ఇంట్లోనే పని జరగలా. ఎందుకు జరగలేదో తెలుసుకోడానికే ఈ చదువు అడుగుతున్నా. ఐదు కార్డుల కంటే రాని తొమ్మిదే నాకు ఎక్కువ నేర్పినయ్." సర్టిఫికెట్ కొందామని పోయినవాణ్ణి, దానికేం జవాబు చెప్తా?

వాక్యం తీయలా. అప్లికేషన్ పంపింది. ఇంకా జవాబు రాలా, వస్తదో రాదో.

మొన్న కౌలుదారుణ్ణి పిలిచి, ఆ మిగతా సగం ఇచ్చా. ఎందుకని అడిగాడు, లెక్క తప్పిందని చెప్పా. సోమవారం ఇద్దరం వీఆర్వో దగ్గరికి పోతున్నాం. మీలో ఎవరైనా ఇప్పటికే సంతకం పెట్టినవాళ్లుంటే, ఏమేం కాగితాలు తీసుకెళ్లాలో కింద చెప్పండి, రెండోసారి తిరక్కుండా ఉంటది.