పాత కీబోర్డు వెల

మాధవరం బస్టాండులో నెల్లూరు బస్సు కోసం కూర్చున్న ఆర్కెస్ట్రా కుర్రాడి ఒళ్లో పాత కీబోర్డు. మధ్య మెట్లు పసుపెక్కాయి, ఒకదాని అంచు చిట్లింది. కొన్నదానికంటే ఎక్కువిస్తామన్నా అమ్మలేదట.

అది చూస్తే రోలాండ్ కంపెనీ బాస్ సింథసైజర్ టీబీ-303 గుర్తొచ్చింది. 1981లో వచ్చింది, కొనేవాళ్లు లేక 1984కల్లా ఆగిపోయింది. బొంబాయి సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లోనే దానితో పది రాగాలు పలికించాడు, ఆనాడు పట్టించుకున్నవాళ్లు తక్కువ. తర్వాత షికాగో కుర్రాళ్లు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా కొని, 1987లో యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతం మోగించారు. ఇంకేముంది, ధర కొండెక్కింది.

2016లో కంపెనీయే టీబీ-03 పేరుతో దాన్ని మళ్లీ చేసింది. రేటు కట్టేటప్పుడు, పాత పెట్టెకు జనం పోస్తున్న డబ్బు వైపు ఓ కన్ను వేయకుండా ఉంటుందా? ఉండదనే నాకనిపిస్తుంది. విడిభాగాల ఖర్చు లెక్కకు అందుతుంది. ఎవరో ఏ రాత్రో వాయించి పెంచిన మోజును ఏ పద్దులో రాస్తారు?