షుగరు బిళ్ళకీ ఓ పద్దు

పాల పద్దు, చీటీ పద్దు, కిరాణా పద్దు అన్నీ రాసుకుంటాం కదా, మరి ఇంట్లో ఉన్న షుగరు జబ్బుకి పద్దు రాస్తున్నారా? మా వారికి షుగరు బయటపడి ఆరేళ్ళయింది. "ఒంట్లో బాగానే ఉందిగా, నెలనెలా ఈ మందుల ఖర్చెందుకు?" అంటారు. మీ ఇంట్లోనూ ఈ మాట వినే ఉంటారు.

ఈ లెక్క ఇంగ్లండులో ఎప్పుడో వేశారండీ. యూకేపీడీఎస్ అని, 1977 నుంచి 1997 దాకా ఐదు వేల మందికి పైగా షుగరు రోగుల్ని గమనించారు. షుగర్ని గట్టిగా అదుపులో పెట్టిన వాళ్ళకి మందుల ఖర్చు పెరిగింది. కానీ కళ్ళు, కిడ్నీలు చెడడం తగ్గి, ఆస్పత్రి ఖర్చు కలిసొచ్చింది. పెరిగిన ఖర్చు చాలామటుకు అక్కడే తీరిపోయిందని 2000లో తేల్చారు. 2004లో అయితే ఒక మనిషికి ముందు ముందు ఏ జబ్బులొస్తాయో అంచనా కట్టే కంప్యూటరు పద్ధతి కూడా తెచ్చారు.

ఇందులో ఒక తమాషా ఉంది. పదేళ్ళ తర్వాత వచ్చే ఖర్చుని ఈ లెక్కల వాళ్ళు ఇవాళ్టి ధరకి కాస్త తగ్గించి వేస్తారు. మన మగవాళ్ళు మాత్రం సున్నా వేసేస్తారు!

మా అరకులో ఇంకో ఖర్చుంది. సంతకి పసుపు, చింతపండు తెచ్చే ఒకావిడ నాకు బాగా తెలుసు. బిళ్ళలు సర్కారు ఆస్పత్రిలో ఊరికే ఇస్తారు. కానీ గూడెం నుంచి దిగి రావాలంటే ఆటో ఛార్జీ, పైగా ఒక రోజు కూలి పోతుంది. అందుకని వాళ్ళాయన మానేశాడు. కాలి మీద పుండు లేచింది. ఘాట్ రోడ్డు దిగి విశాఖ వెళితే బొటనవేలు తీసేశారు. ఆపరేషనుకి ప్రభుత్వ కార్డు పనికొచ్చింది. సరిగ్గా కాఫీ పళ్ళు కోసే రోజులవి. మూడు వారాలు ఆవిడ ఆస్పత్రి వరండాలో పడుకుంది. ఆ పంట ఎవరు కోస్తారు? ఏ కార్డూ దానికి డబ్బివ్వదు. ఆటో ఛార్జీకి లోభిస్తే ఏడాది రాబడి పోయింది.

అందుకే మా పద్దులో బిళ్ళలతో పాటు బస్సు ఛార్జీలు, కంటి పరీక్ష, నేను వెంట వెళ్ళిన రోజులు కూడా రాస్తున్నా. చోడి అంబలి మంచిదే గానీ, అదీ గ్లాసు లెక్కనే పోస్తాను, చెంబు లెక్కన కాదు.

మెట్‌ఫార్మిన్ మొదట్నుంచీ చవకే. ఖరీదైన వాటిలో సిటాగ్లిప్టిన్‌కి 2022లో, ఎంపాగ్లిఫ్లోజిన్‌కి 2025లో మన దేశంలో పేటెంటు గడువు తీరింది. చాలా కంపెనీలు తయారు చేస్తున్నాయి, ధరలు బాగా దిగాయి. పాత చీటీతో పాత ధరకే కొంటున్నారేమో డాక్టరుగారిని అడగండి. మీ అంతట మీరు మాత్రం మందు మార్చకండి.