గుక్క తిరిగేదాకా

2020 మార్చి 10 నుంచి ఖతర్‌లో కరోనా వల్ల బడులు మూసేశారు. మా పాప వెళ్ళే నర్సరీకీ అదే రోజు తాళం పడింది. మూడో వారానికల్లా సముద్రపు ఒడ్డున కార్నిష్ మీద నడక, పార్కుల్లో ఉయ్యాలలు, జారుడుబల్లలు అన్నీ బంద్. బయటి విమానాలు రావడం ఆగిపోయింది కాబట్టి, వేసవికి మా దగ్గరికి రావాల్సిన అమ్మ అమలాపురంలోనే ఉండిపోయింది. దోహాలో నజ్మాలో ఒక పాత భవనం రెండో అంతస్తు మాది. ఒక పడగ్గది, ఒక హాలు, సందులోకి తెరుచుకునే కిటికీ. పాపకి అప్పుడు మూడేళ్ళు దాటాయి, నాలుగు నిండలేదు.

మావారు రాస్ లఫాన్‌లో గ్యాస్ ప్లాంటులో పనిచేసేవారు. దోహాకి ఉత్తరంగా ఎనభై కిలోమీటర్లు. అంతకుముందు తెల్లవారకుండానే కంపెనీ బస్సెక్కి వెళ్ళి చీకటిపడ్డాక వచ్చేవారు. జబ్బు ప్లాంటులోకి రాకూడదు, ప్లాంటు ఆగకూడదు. అందుకని సిబ్బందిని అక్కడే క్యాంపులో ఉంచేశారు. రెండు వారాలన్నారు, తర్వాత ఇంకో రెండు వారాలన్నారు, ఆ తర్వాత ఎన్నాళ్ళో చెప్పడం మానేశారు.

రోజూ సాయంత్రం ఏడింటికి వీడియో కాల్. నాన్న కనపడగానే పాప ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని ఇల్లంతా తిప్పి చూపించేది. తన బొమ్మలు, తన గ్లాసు, కిటికీ అవతల వాలిన పావురం. ఆయన షిఫ్టుకి వెళ్ళాలి, లేదా క్యాంపులో నెట్టు పోయేది, లేదా నిద్ర లేక కళ్ళు వాలిపోయేవి. "రేపు మాట్లాడతాను బంగారం" అనేవారు. తెర నల్లబడేది. ఆ మరుక్షణం మొదలయ్యేది.

ఫోన్ గోడకేసి కొట్టేది. వీపు విల్లులా వంచి నేలమీద పడేది, మడమలతో టైల్స్ మీద దబదబా బాదేది. దగ్గరికి వెళ్తే తన్నేది, దూరంగా ఉంటే "అమ్మా" అని గొంతు చించుకునేది. మంచినీళ్ళిస్తే గ్లాసు తన్నేసేది, ఎత్తుకుంటే జారిపోయి తల వెనక్కి విసిరేది. కింద ఫ్లాటులో రాత్రి డ్యూటీలు చేసే కుర్రాళ్ళు ఉండేవారు, పగలు పడుకుని ఆ వేళకే లేచేవాళ్ళు. వాళ్ళు ఒక్కనాడూ తలుపు కొట్టలేదు. ఆ మంచితనాన్ని ఇప్పటికీ తలుచుకుంటాను.

ఏప్రిల్‌లో ఒకరోజు ఏడుపు మధ్యలో గుక్క పట్టింది. నోరు తెరుచుకునే ఉంది, శబ్దం మాత్రం లేదు. పెదాలు నీలంగా అయ్యాయి, ఒళ్ళు బిగుసుకుపోయి, అంతలోనే చేతుల్లో వేలాడిపోయింది. మా ఊళ్ళో చేసేట్టే ముఖం మీద గట్టిగా ఊదాను. ఊదినందుకో, దానంతట అదే వచ్చిందో, పెద్ద ఊపిరి లాగి మళ్ళీ ఏడ్చింది. ఆ ఏడుపు వినపడ్డాక నేను నేలమీద కూలబడ్డాను.

ఆ రోజుల్లో డాక్టర్లు ఫోన్‌లోనే చూసేవారు. ఆరోగ్యశాఖ వాళ్ళ 16000 నంబరు ఆ ఏడాది దోహాలో నోటికి రాని మనిషి లేడు. మాకు దొరికిన డాక్టరమ్మ నిదానంగా అడిగింది. ఊపిరి ఆగే ముందు కోపం గానీ దెబ్బ గానీ ఉందా? నిమిషంలోపు తనంతట తాను తేరుకుందా? ఇంట్లో ఇంకెవరికైనా చిన్నప్పుడు ఉండేదా? అమ్మకి ఫోన్ చేసి కనుక్కుంటే మా తమ్ముడికి మూడేళ్ళ వయసులో ఇదే ఉండేదని చెప్పింది. నాకా సంగతే తెలియదు. డాక్టరమ్మ చెప్పిందేమిటంటే, ఇది ఆర్నెల్ల నుంచి ఆరేళ్ళ లోపు పిల్లల్లో కనపడేదే, కావాలని చేసేది కాదు, కుటుంబాల్లో వస్తుంటుంది, వయసుతో పోతుంది. అలా అయినప్పుడు పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. కుదపకూడదు, నోట్లో ఏమీ పెట్టకూడదు. ఇక ముఖ్యమైన మాట: రక్తపరీక్ష చేయించాలి. ఒంట్లో ఇనుము తక్కువైన పిల్లల్లో గుక్కపట్టడం ఎక్కువగా ఉంటుందట.

పరీక్షలో ఇనుము తక్కువే తేలింది. పాప రోజుకి నాలుగైదు గ్లాసుల పాలు తాగేది, అన్నం రెండు ముద్దలు. పాలతో పొట్ట నిండితే ఇనుముండే తిండికి చోటుండదు, పాలలో ఇనుము దాదాపు లేదు. పాలు తగ్గించాం, ఇనుము సిరప్ మొదలుపెట్టాం, సిరప్ నారింజరసంతో ఇమ్మన్నారు. గుక్కపట్టడం నెమ్మదిగా పల్చబడింది. ఈ సంగతి ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, పిల్ల గుక్కపడితే దిష్టనో మొండితనమనో అనుకుని రక్తం చూపించని ఇళ్ళు మనలో ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. అమ్మ కూడా ఫోన్‌లోనే ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వెయ్యమంది. అదీ చేశాను, అమ్మ మనసు కోసం. సిరప్ మాత్రం పూట తప్పించలేదు.

గుక్క తగ్గింది గానీ కోపం తగ్గలేదు. అక్కడ నన్ను ఆదుకున్న మనిషి రాజోలు అక్క.

అక్కది రాజోలు దగ్గర పల్లె. దోహాలో ఒక అరబ్బుల ఇంట్లో కద్దామాగా, అంటే ఇంటిపనిమనిషిగా, చేరి అప్పటికి తొమ్మిదేళ్ళు. ఆ ఇంట్లో పిల్లలందరూ ఆమె చేతులమీదే పెరిగారు. 2017లో వచ్చిన చట్టం ఇంటిపనివాళ్ళకి వారానికొక సెలవు ఇమ్మంది, ఆ ఇంటివాళ్ళు దాన్ని పాటించారు. మూసేయకముందు ప్రతి శుక్రవారం మెసైమీర్‌లో చర్చిలన్నీ ఉండే ఆవరణకి వెళ్ళి, తెలుగు ప్రార్థన అయ్యాక మా ఇంటికొచ్చి, చేపల పులుసుతో భోంచేసి వెళ్ళేది. లాక్‌డౌన్‌లో బయటికి రాకూడదు. పిల్లల్ని పడుకోబెట్టాక ఫోన్ చేసేది.

ఒక రాత్రి మా ఇంట్లో గొడవ జోరుమీదుండగా ఆమె ఫోనొచ్చింది. "తర్వాత చేస్తానక్కా" అన్నాను. "పెట్టెయ్యకమ్మాయ్. పెద్ద సౌండు పెట్టి అక్కడే ఉంచు, నువ్వు పిల్లకెదురుగా కింద కూకో. దగ్గరికెళ్ళకు. మాటాడకు" అంది. కూర్చున్నాను. పాప అరుస్తోంది. ఫోన్‌లోంచి అక్క గొంతు తగ్గించి అంటోంది: "ఇంకా కోపమే. ఊరుకో... ఇదీ కోపమే... ఆ, ఇప్పుడు సన్నబడింది చూడు. ఇది ఏడుపు. ఇప్పుడు చెయ్యి చాపు. పట్టుకోకు, చాపు అంతే."

చెయ్యి చాపాను. పాప నేలమీద పాకుతూ వచ్చి నా మోకాలి మీద తల పెట్టింది. వెక్కిళ్ళు. నాన్న కావాలి అంది. అంతసేపూ ఆ మాట అనలేదు, ఆ మాట అనడానికి గొంతు ఖాళీ లేదు.

మనిషిని చూడకుండా, ఫోన్‌లో శబ్దం విని, కోపం ఎక్కడ ఆగిందో దుఃఖం ఎక్కడ మొదలైందో ఆమె చెప్పింది. నాకది అద్భుతంగా తోచింది. "ఎలా తెలుస్తుందక్కా?" అంటే, "నలుగుర్ని పెంచాను గదమ్మా, చెవికి తెలుస్తాది. కోపంలో ఉన్నప్పుడు నువ్వేటి చెప్పినా దానికి కర్ర దూసినట్టే. ఏడుపులోకి వచ్చినాకే మనం" అంది.

ఆ ఏడాది చివర్లో ఇదే విషయం వెతుక్కుంటూ చదివాను. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఫ్లోరెన్స్ గుడెనఫ్ అనే ఆవిడ 1931లోనే చిన్నపిల్లల కోపం మీద పుస్తకం రాసింది. తల్లులకి నోటుపుస్తకాలిచ్చి, పిల్లలకి కోపం వచ్చిన ప్రతిసారీ వేళ, కారణం, వ్యవధి రాయించింది. ఆకలివేళకీ నిద్రవేళకీ కోపాలు ఎక్కువని ఆ రాతల్లో తేలింది. 2003లో మైకేల్ పోటెగల్, రిచర్డ్ డేవిడ్సన్ మూడు వందల మందికి పైగా పిల్లల సంగతులు తల్లిదండ్రుల నుంచి సేకరించి చూశారు. తన్నడం, అరవడం, బిగుసుకుపోవడం మొదట్లోనే ఉవ్వెత్తున లేచి పడిపోతాయి. ఏడవడం, ఓదార్పు కోరడం చివరికి పెరుగుతాయి. చాలావరకు అయిదు నిమిషాల్లోపే అయిపోతాయి. 2011లో పోటెగల్, జేమ్స్ గ్రీన్, మరొకరు కలిసి పిల్లల బట్టల్లోనే చిన్న మైకు అమర్చి ఆ శబ్దాలు రికార్డు చేశారు. కేకలూ అరుపులూ ఒక గుంపు, ఏడుపూ మూలుగూ ఇంకో గుంపు అని విడదీశారు. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. మా అక్క ఏ మైకూ లేకుండా అదే వింది. ఇంకొకరి పిల్లల్ని పెంచి బతికే మన గోదావరి, కడప ఆడవాళ్ళ దగ్గర ఇలాంటి జ్ఞానం ఎంత ఉందో! వాళ్ళని అడిగి రాసుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అనిపిస్తుంది.

ఏడు గంటల వేళని మేం మార్చాం. ముందు అన్నం, స్నానం, తర్వాత కాల్. ఆయన "రేపు" అనడం మానేశారు, రేపు అనేది మూడేళ్ళ పిల్లకి కంటికి కనపడే వస్తువు కాదు. బదులుగా, "ఇంకో రెండు బొమ్మలు చూపించు, తర్వాత నువ్వే ఎర్ర బటన్ నొక్కు" అనేవారు. ఎర్ర బటన్ పాపది. మొదటిరోజు నొక్కనంది. ఆయన ఓపిగ్గా తెరమీద ఉండిపోయారు. రెండో బొమ్మని పదిసార్లు చూపించి, చివరికి నొక్కింది. నొక్కి ఏడ్చింది కూడా. కానీ ఫోన్ విసరలేదు. మెల్లగా, కాల్ పెట్టేసే పని తన పెద్దరికమైపోయింది. అటు షిఫ్టుకి టైమవుతున్నా తను నొక్కేదాకా ఆయన కదిలేవారు కాదు.

అన్ని రోజులూ ఇలా గడవలేదు. ఎండలు ముదిరాక ఇల్లే జైలు. ఆ వేసవిలో మాల్స్ తెరిచాక కూడా మొదట్లో పన్నెండేళ్ళ లోపు పిల్లల్ని రానివ్వలేదు. అరటిపండు విరిగిందని ఒక పూట, చెప్పుల జత తారుమారైందని ఒక పూట. అరటిపండు ఎందుకంత ముఖ్యమని పెద్దవాళ్ళు అడుగుతారు. ఆ వయసు పిల్ల చేతిలో ఉన్నవి అరటిపండూ చెప్పులే కదా. విమానాలు, షిఫ్టులు, జబ్బులు ఏవీ తన చేతిలో లేవు.

జూన్ చివర్లో మావారిని ఇంటికి పంపారు. ముందురోజు నుంచే పాప కిటికీ దగ్గర కాపలా. తలుపు తీశాను. గడ్డం పెరిగి, మాస్కు పెట్టుకుని, చేతిలో సంచీతో నిలబడ్డారు. పాప చూసింది. పరుగెత్తి వెళ్ళి చుట్టుకుంటుందని మేమిద్దరం అనుకున్నాం. అది వెనక్కి తిరిగి పడగ్గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆయన స్నానం చేసి వచ్చి హాల్లో కూర్చున్నారు. చాలాసేపటికి పాప బయటికొచ్చి, ఆయన సంచీ జిప్పు లాగి లోపలి బట్టలన్నీ ఒక్కొక్కటే బయటపడేసింది. ఆయన "ఏంటమ్మా" అన్నారో లేదో, విరుచుకుపడింది. పిడికిళ్ళతో ఆయన ఛాతీ మీద కొట్టింది, చొక్కా పట్టి లాగింది, "వద్దు, వెళ్ళిపో, వద్దు" అని అరిచింది. ఫోన్ కాల్స్ తర్వాత చూసినవన్నీ కలిపినా ఇంత లేదు. ఆయన నావైపు చూశారు, కళ్ళలో నీళ్ళు. కదలొద్దని సైగ చేశాను. సోఫా దిగి నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళకి దెబ్బ తగలకుండా మాత్రం ముఖం కొంచెం పక్కకి తిప్పుకున్నారు. కొట్టనిచ్చారు.

నేను చెవి పెట్టి విన్నాను. కోపం. ఇంకా కోపమే. ఆ తర్వాత గొంతు కిందికి దిగింది, పొడుగు సాగింది. "ఇప్పుడు" అన్నాను. ఆయన చెయ్యి చాపారు. పాప ఆ చేతిని కూడా ఒకసారి కొట్టి, తర్వాత దాన్ని పట్టుకుని ముఖానికి అదుముకుంది. ఆ రాత్రి ఆయన చొక్కా గుప్పిట్లో పట్టుకునే నిద్రపోయింది. తెల్లారి ఆయన పళ్ళు తోముకోవడానికి వెళ్తే స్నానాలగది తలుపు బయట కూర్చుంది. అలా కొన్ని వారాలు.

అక్కకి ఈ సంగతంతా చెప్పాను. నవ్వలేదు. "అదృష్టవంతుడమ్మా మీ ఆయన" అంది.

ఆ మాట వెనక ఏముందో ఆగస్టులో తెలిసింది. అప్పుడు హైదరాబాద్ విమానంలో సీటు దొరికి అక్క ఊరెళ్ళింది. తనకొక కూతురు. అక్క దోహా వచ్చేటప్పటికి నాలుగేళ్ళది, అప్పటికి ఎనిమిదో తరగతి, అమ్మమ్మ దగ్గర పెరిగింది. రాజోలు నుంచి ఫోన్ చేసి అక్క ఏడ్చింది. "బాగానే చూసుకుంటాందమ్మాయ్. కాఫీ ఇత్తాది, అమ్మా తిన్నావా అంటాది. చుట్టాలకి మర్యాద చేసినట్టు చేత్తాంది. నామీద ఒక్కసారి అరవట్లేదు."

ఏం చెప్పాలో తెలియక, "నువ్వే చెప్పావు కదక్కా, ఎదురుగా కూర్చో, మాట్లాడకు" అన్నాను. "కూకుంటన్నాను" అంది.

దసరా దాటాక మళ్ళీ ఫోన్. బడి మూతపడి పిల్లలంతా ఇళ్ళలోనే ఉన్నారు. ఫోన్‌లో పాఠాలు. అక్క ఏదో సర్దుతూ కూతురి నోటుపుస్తకాలు ఒకచోట నుంచి ఇంకోచోట పెట్టిందట. ఆ పిల్ల వచ్చి చూసి, పుస్తకాలు విసిరికొట్టి, వీధంతా వినపడేలా అరిచిందట: నువ్వెవరు నా పుస్తకాలు ముట్టుకోవడానికి, ఇన్నేళ్ళు ఎక్కడికెళ్ళావు అని. ముసలావిడ అడ్డం రాబోతే అక్క ఆపిందట.

"ఎంతసేపరిచిందో తెలుసా అమ్మాయ్! నేను గుమ్మంలో కింద కూకున్నాను. రెండు గంటలు. మధ్యలో ఆకలేసి ఆగి, అన్నం తిని, మళ్ళీ వచ్చి అరిచింది" అని చెబుతుంటే ఆమె గొంతులో ఉన్న సంతోషం, అంతకుముందు నేను ఎప్పుడూ విననిది. దోహా నుంచి వీసా గడువు గురించి ఇంటావిడ ఫోన్లు చేస్తోందని, సంక్రాంతి దాకా రానని చెప్పేశానని అంది. "ఇంకా చాలా అరవాలమ్మా అది" అంది.