జొన్న బెండ్లతో ఆర్గానిక్ కెమిస్ట్రీ

మరిపెడ చుట్టుపక్కల తండాల నుంచి డిగ్రీకి వచ్చిన మాలో చాలామందిమి ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్టు ఎక్కినవాళ్లం. ఇంట్లో గోర్ బోలి, బడిలో తెలుగు, డిగ్రీలో ఇంగ్లీషు. ఈ మూడో భాషలో ఎదురైన గట్టి సబ్జెక్టు ఆర్గానిక్ కెమిస్ట్రీ. బీఎస్సీ ఆగిపోవడానికి ఈ ఒక్క పేపరు చాలు. దాటితే ఎమ్మెస్సీ ఉంది, హైదరాబాదు మందుల కంపెనీల్లో ల్యాబు పని ఉంది. దాటకపోతే మిరప తోటలో కూలి ఎప్పుడూ ఉంటుంది.

బట్టీ ఇక్కడ పనికిరాదు. చర్యలు వందల్లో ఉంటాయి గానీ చాలావాటి వెనుక సంగతి ఒక్కటే: ఎలక్ట్రాన్లు ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పోతాయి. చర్యావిధానంలో గీసే వంపు బాణం చెప్పేది అదే. తోక ఎలక్ట్రాన్ల జంట దగ్గర, మొన అవి చేరే చోట. ఎవరి దగ్గర ఉంది, ఎవరికి కావాలి అని ప్రతి చర్యనూ అడిగితే సగం లెక్క తేలుతుంది. ఇచ్చేది న్యూక్లియోఫైల్, పుచ్చుకునేది ఎలక్ట్రోఫైల్. ప్రతిక్షేపణ, సంకలనం, విలోపనం అని తెలుగు అకాడమీ పుస్తకాల్లో చదివిన మాటలను డిగ్రీలో పారేయొద్దు తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. మేము ఇంగ్లీషు మాట పక్కన తెలుగు మాట, దాని కింద గోర్ బోలిలో ఒక వాక్యం రాసుకున్నాం. ఆ నోటుబుక్కులు చూసి నవ్వినవాళ్లున్నారు, పరీక్ష ముందు అడిగి పట్టుకెళ్లినవాళ్లూ వాళ్లే.

ఇక బొమ్మల సంగతి. కాగితం మీద అణువు చదునుగా కనిపిస్తుంది, నిజానికి అట్లా ఉండదు. మీథేన్‌లో కార్బన్ చుట్టూ నాలుగు హైడ్రోజన్లు, ఏ రెండింటి మధ్య చూసినా 109.5 డిగ్రీలు. కార్బన్‌కు ఈ ఆకారం ఉందని 1874లో వాంట్ హాఫ్, లె బెల్ ఎవరికి వారే చెప్పారు. ప్లాస్టిక్ మోడళ్లు కొనే స్తోమత మాకు లేదు. జొన్న బెండు ముక్కలు, చీపురు పుల్లలు ఉన్నాయి. చిన్నప్పుడు వాటితోనే బండ్లు చేసుకున్నాం కదా! నాలుగు రంగుల ముక్కలు గుచ్చి, అద్దంలో కనిపించినట్టే రెండోది చేశాం. ఎంత తిప్పినా ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోలేదు. చింతపండు పులుపులో ఉండే టార్టారిక్ ఆమ్లం సంగతీ ఇదే. 1848లో పాశ్చర్ దాని లవణపు స్ఫటికాలను కుడివి, ఎడమవి అని చేత్తో ఏరి వేరుచేశాడు. కల్లంలో ఎండుమిర్చి నుంచి తాలు ఏరే మా అమ్మలకు ఈ కథ చెబితే, చివరిదాకా చెప్పనవసరం లేకపోయింది.

ఎస్‌ఎన్‌2 చర్యలో కొత్తది వెనుక నుంచి వస్తుంది, ముందున్నది వెళ్తుంది, మిగిలిన మూడు చేతులూ గాలికి గొడుగు తిరగబడ్డట్టు అటు మళ్లుతాయి. తృతీయ హాలైడ్‌లో చుట్టూ గుంపు ఉంటుంది కాబట్టి వెనుక నుంచి దూరే సందు లేదు. హాలోజన్ ముందు దిగిపోవాలి, తర్వాతే కొత్తది ఎక్కాలి. అది ఎస్‌ఎన్‌1. పండగనాటి ఖమ్మం బస్సు ఎక్కినవాళ్లకు ఇది వేరే చెప్పాలా?

చదివే వేళ గురించి రెండు మాటలు. పరీక్షల ముందు నెల రోజులు కూర్చోవడం కన్నా, క్లాసు జరిగిన సాయంత్రమే ముప్పావు గంట మేలు. పుస్తకం మూసి తెల్ల కాగితం మీద చర్య మొత్తం గీయాలి, తర్వాత తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దాలి. జవాబు చూస్తూ "అర్థమైంది" అనుకోవడం అర్థమైనట్టు కాదు. ఆదివారం నలుగురం కూర్చుంటాం, ఒకరు గోర్ బోలిలో చెబుతారు, మిగతావాళ్లు "ఎందుకు?" అని అడుగుతారు. మూడో "ఎందుకు" దగ్గర ఎవరైనా తడబడతారు. ఆ చోటే సార్‌ను అడగాల్సిన ప్రశ్న.

సార్లకు, మేడమ్‌లకు ఒక విన్నపం. బోర్డు మీద బాణం గీసేటప్పుడు ఒక్కసారి తెలుగులో కూడా చెప్పండి. వెనుక బెంచీలో మౌనంగా ఉన్న పిల్లకు రానిది కెమిస్ట్రీయో ఇంగ్లీషో అప్పుడు మీకే తెలుస్తుంది.

ఈ వారం ఆల్డిహైడ్‌లు మొదలుపెట్టాం. బెండ్లు చాలడం లేదు.