రేపు ఎన్నో నంబరు?

తుపాను అనగానే మన కోస్తా వాళ్లు మొదట అడిగేది గాలి వేగం గురించి కాదు. 'బందరులో ఎన్నో నంబరు ఎగరేశారు?' అంటారు. ఒకటి నుంచి పదకొండు దాకా ఉండే ఆ ప్రమాద సూచికలు రేవులోని ఓడల కోసం పెట్టినవే. అయినా రేడియో వినే ప్రతి ఇంట్లో, పేపరు చదివే ప్రతి ఇంట్లో వాటి మీద ఓ లెక్క ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ గుండె దడా పెరుగుతుంది.

సముద్రమే లేని స్విట్జర్లాండులోనూ ఇలాంటి నంబర్లు ఉన్నాయని నాకు తెలిసింది మా తమ్ముడి వల్ల. జ్యూరిక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వాడిది. వెళ్లిన రెండో ఏడాదే స్కీయింగ్ నేర్చుకున్నాడు. అక్కడితో ఆగితే ఈ వ్యాసం రాసే పనే ఉండేది కాదు. తీగమార్గంలో పైకెళ్లి, జెండాలు పాతిన దారిలో జారుతూ దిగే స్కీయింగ్ వాడికి చప్పగా అనిపించింది. స్కీల అడుగున జారిపోకుండా పట్టుకునే పట్టీలు అంటించుకుని, మూడు నాలుగు గంటలు సొంత కాళ్ల మీద కొండెక్కి, ఎవరూ తొక్కని మంచులో దిగిరావడం మొదలుపెట్టాడు. అక్కడ కాపలా ఉండదు, జెండాలుండవు. మంచు చరియ విరిగితే మాత్రం ఉంటుంది... చాలా ఉంటుంది.

మామూలుగా ఏ తల్లయినా ఇలాంటిది వింటే భయపడుతుంది. మా అమ్మ భయం వేరు. ఆమెది దివిసీమలో నాగాయలంక దగ్గరి పల్లె. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చేనాటికి ఆమెకు పన్నెండేళ్లు. ఒక డాబా మీద రాత్రంతా తడుస్తూ నిలబడి బతికింది. ఆమె చిన్న తమ్ముడు బతకలేదు. 'తుపానని రేడియోలో చెప్పారే, సముద్రం మన గుమ్మం దాకా వస్తుందని ఎవరు చెప్పారు?' అంటుంది ఇప్పటికీ. ఆ మాటలో ఎంత అర్థముందో, తమ్ముడి ఫోనులోని ఒక యాప్‌ను చూశాకే నాకు బాగా తెలిసొచ్చింది.

మూడంటే సగం కాదు

ఆ యాప్ పేరు 'వైట్ రిస్క్'. దావోస్‌లోని మంచు, హిమచరియల పరిశోధన సంస్థ తయారుచేసింది. 1936లో దావోస్ ఎగువన వైస్‌ఫ్లూయోఖ్ అనేచోట చిన్న ప్రయోగశాలతో మొదలైన పరిశోధన వాళ్లది. ఊళ్ల మీద, రైలు దారుల మీద మంచు ఎప్పుడు విరుచుకుపడుతుందో చెప్పడమే లక్ష్యం. ఇప్పుడు కొండల్లోని పరిశీలకులు, ఆటోమేటిక్ కేంద్రాలు పంపే వివరాలన్నీ అక్కడికి చేరతాయి. చలికాలంలో రోజూ సాయంత్రం ఐదింటికి, మళ్లీ ఉదయం ఎనిమిదింటికి హెచ్చరిక వెలువడుతుంది. సాయంత్రం ఐదంటే మనకు రాత్రి తొమ్మిదిన్నర. అన్నాలు తిని అమ్మ వీడియో కాల్‌కు కూర్చునే సమయం. 'రేపు ఎన్నో నంబరు నాన్నా?' అన్నది ఆమె మొదటి ప్రశ్న.

అక్కడ నంబర్లు ఐదే. ఒకటి తక్కువ ప్రమాదం, ఐదు అత్యంత ప్రమాదం. యూరప్ దేశాలన్నీ 1993 నుంచి ఇదే కొలత వాడుతున్నాయి. 'మూడమ్మా' అన్నాడొకసారి తమ్ముడు. 'ఐదులో మూడేగా, ఫర్లేదు' అంది అమ్మ. వాడు వెంటనే సరిదిద్దాడు. అది మార్కుల లెక్క కాదు, ఒక్కో మెట్టుకు ప్రమాదం కొన్ని రెట్లు పెరుగుతుంది. పైగా ఎక్కువమంది చనిపోయేది నాలుగు, ఐదు నంబర్ల రోజుల్లో కాదు, మూడో నంబరు రోజుల్లోనే. నాలుగంటే ఎటూ చాలామంది ఇల్లు కదలరు. మూడన్నప్పుడు ఎండ కాస్తుంటుంది, కొత్త మంచు మెరుస్తుంటుంది, కాళ్లు ఆగవు!

ఇంకో సంగతి విన్నాక అమ్మే కాదు, నేనూ కాసేపు మాట్లాడలేదు. స్కీయర్లను బలితీసుకున్న మంచు చరియల్లో పదింట తొమ్మిదిదాకా వాళ్లో, వాళ్లతో వెళ్లినవాళ్లో కదిపినవే. తుపాను మన మీదికి వస్తుంది. ఇది మనం అడుగేస్తే వస్తుంది.

పూతరేకుల మీద నడక

ఎందుకలా? కొండ మీది మంచు ఒకే ముద్ద కాదు. పూతరేకుల్లా పొర మీద పొర. ఒక్కో మంచు వానకు ఒక పొర, గాలి తోసుకొచ్చిన మంచు మరో పొర. మధ్యలో పంచదార పలుకుల్లాంటి పొడి పొర ఒకటి చేరుతుంది. దానికి పట్టు ఉండదు. పైన గట్టిపడిన పలక దాని మీద ఊరికే ఆని ఉంటుంది. ఆ పలక మీద మనిషి బరువు పడితే అడుగున పొడి పొర కూలి, పలక మొత్తం ఒక్కసారిగా జారిపోతుంది. అయితే అలా జారడానికి వాలు ఉండాలి. 30 డిగ్రీల లోపు వాలు మీద సాధారణంగా పలక జారదు.

కొండెక్కేవాళ్లకు బతుకుదారి చూపేది ఈ 30 డిగ్రీల లెక్కే. యాప్‌లో పటం తెరిస్తే 30 దాటిన వాలు పసుపు, 35 దాటితే నారింజ, 40 దాటితే ఎరుపు, 45 పైన ఊదా. తమ్ముడు శుక్రవారం రాత్రి ఆ రంగుల మధ్యలోంచి తన దారి గీసుకుంటాడు. హెచ్చరికలో నంబరొక్కటే ఉండదు. ఏ ఎత్తు పైన, ఉత్తరం వైపా తూర్పు వైపా, కొత్త మంచుతోనా, గాలి మంచుతోనా, పాత పొరతోనా... అన్నీ ఉంటాయి. వెర్నర్ మున్‌టర్ అనే స్విస్ పర్వత మార్గదర్శి 1990లలో ఇచ్చిన సులువు సూత్రం ఒకటి వాడికి కంఠతా వచ్చు. రెండో నంబరైతే 40 డిగ్రీలు దాటొద్దు. మూడైతే 35. నాలుగైతే 30.

మున్‌టర్ చెప్పిందే మరో పద్ధతి 'మూడు మూళ్లు'. మంచూ వాతావరణమూ ఎలా ఉన్నాయి, కొండ ఎలా ఉంది, వెంట వచ్చే మనుషులు ఎలాంటివాళ్లు? ఈ మూడు ప్రశ్నలూ మూడుసార్లు వేసుకోవాలి. ఇంట్లో పటం ముందు ఒకసారి, కొండ దగ్గరికి చేరాక మరోసారి, ఎక్కబోయే వాలు ముందు నిలబడి ఇంకోసారి. అమ్మ అడిగే ప్రశ్నకు జవాబు ఇందులో ఉందనిపించింది నాకు. నంబరు జిల్లా మొత్తానికి. మన గుమ్మం సంగతి మన గుమ్మం ముందు నిలబడే చూసుకోవాలి.

ఫోను చెప్పనివి

యాప్ ఉంటే చాలనుకునేవాళ్లకు తమ్ముడు చెప్పే హెచ్చరికలు కొన్నున్నాయి. చలికి బ్యాటరీ చప్పున దిగిపోతుంది. కాబట్టి కాగితం పటం కూడా జేబులో ఉండాల్సిందే. పటంలో కనిపించని చిన్న నిటారు గట్టు కూడా మనిషిని పూడ్చేయగలదు. మంచులో కూరుకుపోయినవాళ్లను వెదకడానికి ఒంటికి కట్టుకునే ట్రాన్స్‌మీటర్‌ను అదే ఫోను తికమకపెడుతుంది. అందుకే రెండింటికీ కనీసం 20 సెంటీమీటర్లు, వెదికేటప్పుడు 50 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. ఆ ట్రాన్స్‌మీటర్, పొడవాటి గుచ్చుకర్ర, పార... ఈ మూడూ లేనివాణ్ని వీళ్లు వెంట రానివ్వరు. పూడిపోయినవాళ్లను పది నిమిషాల్లో తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట దాటితే ముగ్గురే. హెలికాప్టర్ వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు. పక్కవాడే దేవుడు.

అన్నిటికంటే కష్టం మనుషుల లెక్క. 2012 ఫిబ్రవరిలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం టన్నెల్ క్రీక్‌లో పదహారుమంది కలిసి దిగారు. కొండను బాగా ఎరిగినవాళ్లు, ఆరితేరినవాళ్లే ఎక్కువ. ఇంత గుంపుగా వెళ్లడం మంచిదేనా అని లోలోపల అనుకున్నవాళ్లూ ఉన్నారు. పైకి అనలేదు. ముగ్గురు చనిపోయారు. న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన ఆ కథనానికి 2013లో పులిట్జర్ బహుమతి వచ్చింది. మన గుల్‌మార్గ్‌లోనూ 2023 ఫిబ్రవరి 1న చరియ విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు పోయారు. 'అందరూ పోతుంటే మనకేమవుతుంది' అన్న ధీమాకు భాషాభేదం లేదు.

మొన్నటి చలికాలంలో గ్లారస్ కొండల్లో తమ్ముడి బృందానికీ అదే పరీక్ష ఎదురైంది. ఆ రోజు మూడో నంబరు. వాళ్లు నలుగురు. శిఖరం ఇంకో అరగంట. ముందున్న వాలు మీద అప్పుడే ఎవరో ఎక్కిన జాడలు కనిపిస్తున్నాయి. 'వాళ్లు వెళ్లారుగా' అన్నాడొకడు. తమ్ముడు ఊతకర్రను వాలుకు ఆనించి, దాని మీద ఫోను పెట్టి కొలిచాడు. 36 డిగ్రీలు. కాళ్ల కింద మంచు 'ధుబ్' మని కూలిన చప్పుడు అంతకు ముందే ఒకసారి విన్నారు. శుక్రవారం రాత్రి యాప్‌లో దారి గీసుకున్నప్పుడే, 'ఇక్కడ అనుమానం వస్తే వెనక్కి' అని ఆ చోట గుర్తు పెట్టుకున్నారు. ఆ గుర్తు ఉండబట్టే వాదన పెరగలేదు. వెనక్కి తిరిగారు.

ఆ రాత్రి అమ్మకు ఇదంతా చెప్పాడు. 'మరి ఆ ముందు వెళ్లినవాళ్లు?' అంది. 'క్షేమంగా దిగారమ్మా. కింద కాఫీ దగ్గర కనిపించారు.'

నాకు కాస్త నిరాశగా అనిపించింది. వీళ్లు తిరిగి రావడం తప్పయినట్టేగా! అమ్మ మాత్రం అలా అనుకోలేదు. 'వాళ్లకేం కాకపోవడం మంచిదే. అంతమాత్రాన మీరు రావడం తప్పయిపోదు' అంది. జాగ్రత్తపడ్డవాడికి తాను దేన్నుంచి తప్పించుకున్నాడో ఎప్పటికీ తెలియదు. జాగ్రత్తకు సాక్ష్యం దొరకదు. తెలిసి వెనక్కి తిరిగినవాడిని పిరికివాడనడం అందుకే తేలిక.

తమ్ముడు ఈ అలవాటు మానేస్తాడని మాకు ఆశ లేదు. మానమని అమ్మ అడగడమూ లేదు. ఈమధ్య ఆమె ప్రశ్న మాత్రం కొంచెం మారింది. నంబరు ఎంతో చెప్పాక ఫోను పెట్టేయనివ్వదు. 'సరే, రేపు వెనక్కి తిరిగే చోటు ఎక్కడ పెట్టుకున్నావో చూపించు' అంటుంది. వాడు పటం చూపిస్తాడు. ఆ రంగులన్నీ ఆమెకు అర్థమవుతాయో లేదో నేను అడగలేదు. గుర్తు పెట్టిన చోటు మాత్రం వేలితో తాకి చూస్తుంది.