ఊరుంది, నియోజకవర్గం లేదు

బోగోలుకు రైలులో పోవాలంటే బిట్రగుంటలో దిగాలి. బొగ్గు ఇంజన్ల కాలంలో ఇక్కడి షెడ్డుకు గొప్ప పేరు. ఆ ఇంజన్లు పోయాయి, పేరు మిగిలింది. పక్కనున్న అల్లూరు సంగతి దీనికి తలక్రిందులు. ఊరు నిక్షేపంగా ఉంది. ఎన్నికల పట్టికలో పేరే పోయింది.

టీ అంగడిలో నా పక్కన కూర్చున్నది ఒక అల్లూరు పెద్దాయన. "మీది ఏ నియోజకవర్గమండీ?" అని అడిగాను.

"ఇప్పుడు కావలే అయ్యవారూ. ఒకప్పుడు మాది మాకే ఉండేది!" అన్నాడు.

నిజమే. 1999లో తెలుగుదేశం తరఫున ఆదాల ప్రభాకరరెడ్డిగారు, 2004లో కాంగ్రెసు తరఫున కాటంరెడ్డి విష్ణువర్ధనరెడ్డిగారు అల్లూరు నుంచే శాసనసభకు వెళ్ళారు. అదే ఆఖరు. 2001 జనాభా లెక్కలను బట్టి 2008లో హద్దులు మార్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు మొత్తం 294 స్థానాలు అలాగే ఉంచి, జనం పెరిగిన నగరాలకు ఎక్కువ ఇచ్చారు. నెల్లూరు జిల్లాకు 11 ఉన్నవి 10 అయ్యాయి. అల్లూరు, రాపూరు పోయాయి. కొత్తగా నెల్లూరు రూరల్ వచ్చింది. 2009 నుంచి బోగోలూ, అల్లూరూ కావలికే ఓటు వేస్తున్నాయి. ఆ యేడు అక్కడ గెలిచినవారు తెలుగుదేశం అభ్యర్థి బీద మస్తాన్‌రావుగారు.

"లెక్క న్యాయమైనదే కదండీ?" అన్నాను.

"లెక్కలో మేం తగ్గినాం సామీ, మా కష్టాలు తగ్గలేదే!"

ఇంతలో కావలి బస్సు వచ్చింది. అర్జీ కాగితాలున్న గుడ్డసంచి చంకన పెట్టుకొని ఆయన లేచాడు.