బండి మీద ఇల్లు, దారిలో స్నేహము



ఇల్లును వెంటబెట్టుకొని ప్రయాణము చేయుట అనే మాట ఈ మధ్య తరచుగా వింటున్నాము. అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు ఫోటోలు పంపుచున్నారు. బస్సంత పొడవు గల బండి. లోపల మంచము, పొయ్యి, నీళ్ల ట్యాంకు, స్నానపు గది. దానిని అక్కడ ఆర్‌వీ అంటారు. ముందు సీట్లలో భార్యాభర్తలు, వెనుక రెండు కుక్కలు. నెలల తరబడి అలా తిరుగుతూ, దారిలో స్నేహితుల ఇండ్ల ముందు బండి నిలిపి, ఒక పూట కలిసి భోజనము చేసి మరుసటి ఉదయము సాగిపోతారు. మన దేశములో కూడా కేరళ ప్రభుత్వము 2021లో ఇటువంటి కారవాన్ బండ్లతో పర్యాటక పథకము ప్రారంభించింది.

"అబ్బ, ఎంత కొత్త సంగతి!" అని మన యౌవనస్థులు ఆశ్చర్యపడుచున్నారు. అయితే నిజామాబాదు నుండి బోధన్ మీదుగా మంజీర ఒడ్డు వరకు ఉన్న మన చెరుకు ప్రాంతపు పెద్దలను అడిగి చూడండి. బండినే ఇల్లుగా చేసుకొని, పిల్లలతో, కోళ్లతో, కుక్కలతో కదిలిన కుటుంబములను వారు ఏటేటా చూచినవారే.

ఇంకా వెనుకకు వెళితే మన జిల్లాలోని లంబాడీ సోదరుల పూర్వికులు కనబడతారు. వేల ఎడ్ల మీద ధాన్యము, ఉప్పు మోసుకొని వారు దేశమంతా తిరిగారు. మొగలుల సైన్యములు దక్కనుకు వచ్చినప్పుడు వాటికి ధాన్యము చేర్చింది వీరి ఎడ్లే. తాండ అంటే ఇప్పుడు మనకు ఒక పల్లె. ఆ రోజులలో తాండ అంటే కదిలే బిడారు. రైళ్లు, రోడ్లు వచ్చి ఆ వ్యాపారము పోయిన తరువాత ఆగిన చోటే తాండ ఊరయింది. 500 మంది జనాభా దాటిన తాండలను 2018లో తెలంగాణ ప్రభుత్వము గ్రామ పంచాయతీలుగా చేసింది. బిడారులతో కుక్కలు కూడా నడిచాయి. దక్కను పీఠభూమిలోని సన్నని నడుము, పొడవాటి కాళ్లు గల వేటకుక్కను నేటికీ కారవాన్ హౌండ్ అంటారు. బిడారు కుక్క అని దాని అర్థము. కర్ణాటకలో దానినే ముధోల్ కుక్క అని పిలుస్తారు.

ఇక బోధన్‌కు బండ్లు ఎందుకు వచ్చాయో చూద్దాము. మంజీర నది మీద నిజాంసాగర్ ప్రాజెక్టు పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. దానిని కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ నీరు రాగానే మెట్ట భూములు మాగాణులయ్యాయి. కోస్తా జిల్లాల రైతులు వచ్చి బోధన్, వర్ని వైపు క్యాంపులు వేసుకొని స్థిరపడ్డారు. 1937లో బోధన్ ప్రక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. చెరుకు విరివిగా పండింది. కోయుటకు చేతులు కావలసి వచ్చాయి. అప్పుడు నాందేడ్ వైపు నుండి, మరాఠ్వాడా కరువు పల్లెల నుండి కుటుంబములు బయలుదేరాయి. 1956 వరకు అటు మరాఠ్వాడా, ఇటు తెలంగాణ ఒకే హైదరాబాదు రాష్ట్రము కదా! ఇప్పటికీ సాలూర వంతెన దాటితే మాట మారుతుంది గాని చుట్టరికము మారదు.

గత జనవరి మాసములో ఈ దారి పొడుగునా ఉన్న స్నేహితులను దర్శించుటకు నేను వెళ్లాను. నాకు ఆర్‌వీ లేదు, మన ఆర్టీసీ బస్సే. నిజామాబాదు నుండి బోధన్‌కు సుమారు 25 కిలోమీటర్లు. సారంగాపూర్ దాటాము. అక్కడి సహకార చక్కెర కర్మాగారము కూడా మూతపడినదే. కొంత దూరము పోగానే జానకంపేట. ప్రక్కనే అశోక్‌సాగర్ నీళ్లు ఎండకు మెరుస్తున్నాయి.

అక్కడ ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నాకు మిత్రుడు. ఆయన చెప్పిన మాటలు వినండి. "దసరా, దీపావళి వెళ్లగానే బండ్లు దిగేవి. భార్యాభర్తలిద్దరినీ కలిపి ఒక కోయిత అని లెక్కపెట్టేవారు. కోయిత అంటే చెరుకు నరికే కత్తి. ముకద్దము ముందుగానే అడ్వాన్సు ఇచ్చి ఉంటాడు. అది తీరేదాకా వారు కదలరాదు. ఎండలు ముదిరేవరకు ఇక్కడే ఉండేవారు. పిల్లలను చూచి బడికి పంపమని అడిగితే, చంటివాడిని ఎవరు చూస్తారు సారూ అనేవారు. కొందరు పంపినా టీసీ లేదు, వయస్సు పత్రము లేదు అని మేమే చేర్చుకొనుటకు వీలయ్యేది కాదు. 2009లో విద్యాహక్కు చట్టము వచ్చింది. ఇప్పుడు ఏ నెలలో వచ్చినా, కాగితము లేకపోయినా చేర్చుకోవలసిందే. కాని ఈ సంగతి చెప్పేవారు వారికి ఉండాలి కదా!"

ఎడపల్లి దాటిన తరువాత రోడ్డు ప్రక్క ఒక చిన్న పల్లెలో మన సంఘమునకు చెందిన ఒక పెద్దమ్మ ఉన్నది. ఆమె వాకిట్లో చింతచెట్టు, చేదబావి. ఒక మరాఠీ కుటుంబము వస్తూ పోతూ ఏటా ఆ చెట్టు క్రిందే బండి విప్పేదట. టైరు బండి మీద తాటాకు చాపతో కట్టిన కప్పు, దానిలో గోధుమరంగు ట్రంకు పెట్టె, జొన్నల మూట, పసిబిడ్డ. బండి ఇరుసుకు కట్టిన నల్ల కుక్క. రాత్రి ఎడ్లను విప్పితే ఆ కుక్క బండి క్రిందికి చేరేదట. పిల్లలు పడుకున్న వైపు ఎవరు వచ్చినా ముందు గుర్రుమనేది, తరువాత మొరిగేది.

"మీరు వారికి నీళ్లు ఎలా ఇచ్చేవారు అమ్మా?" అని అడిగాను. ఎందుకు అడిగానో ఆమెకు అర్థమైంది.

"మొదట్ల మా అత్త దూరంకెల్లి దోసిట్ల పోసేది అయ్యగారూ. ఎవరో, ఏం కులమో అని. నాకు మనసున వట్టలే. మాకు ఊర్ల అట్లనే పోసేటోల్లు గదా! మా నాయిన దోసిలి వట్టి తాగంగ నేను సూసిన. అందుకే ఒక దినం చెంబే ఆమె చేతికిచ్చిన. నువ్వే చేదుకో చెల్లె, బాయి నీదే అనుకో అన్న. ఆమె నా దిక్కు సూసి మావశీ అన్నది. మావశీ అంటె చిన్నమ్మ అని అప్పుడు నాకు ఎర్కలేదు."

ప్రియులారా, ఇది చిన్న సంగతిగా కనబడవచ్చును. అవమానము అనుభవించినవారు దానిని తమకంటే బలహీనుల మీదికి త్రోసివేయుట లోకములో సామాన్యము. ఆ తల్లి దానిని తన వాకిట్లో ఆపివేసింది. ఒక సంవత్సరము ఆ చెట్టు క్రిందే ఆ మరాఠీ స్త్రీకి నొప్పులు వచ్చాయట. ఈమెయే ఆటో పిలిపించి బోధన్ ఆసుపత్రికి తీసుకొనిపోయింది. ఆ రాత్రి బండి దగ్గర మిగిలిన పిల్లలకు కాపలా ఆ నల్ల కుక్కే.

బోధన్ చేరాను. శక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఒక సహోదరుని ఇంట మధ్యాహ్న భోజనము. ఆయన ఫ్యాక్టరీ గేటు వైపు చూపించి ఇలా అన్నాడు. "కోసిన చెరుకు ఆగితే ఎండుతుంది. బరువూ తగ్గుతుంది, చక్కెర శాతమూ తగ్గుతుంది. అందుకే చీకటి అని లేదు, చలి అని లేదు, కోసిన వెంటనే బండ్లు గేటుకు చేరాలి. వరుసలో నిలబడ్డ బండ్ల మధ్య చిన్న చిన్న మంటలు. ఒకరు రొట్టె కాల్చుకొనేవారు, ఒకరు పాట పాడేవారు. ప్రతి బండి క్రింద ఒక కుక్క. ముందు బండి కదిలితే యజమాని నిద్రలో ఉన్నా కుక్క లేచేది."

ఆ ఫ్యాక్టరీలో అధిక వాటా 2002లో ప్రైవేటు వారి చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. మరల తెరిపిస్తామనే మాట పలుమార్లు వినబడింది. కార్మికుల కష్టము, రైతుల నష్టము పత్రికలలో వచ్చాయి. కాని బండ్ల మీద వచ్చే కుటుంబముల సంగతి ఎవరూ వ్రాయలేదు. ఆ సంవత్సరము తరువాత చింతచెట్టు క్రిందికి బండి రాలేదు. పెద్దమ్మ దీపావళి తరువాత చాలా దినములు రోడ్డు వైపు చూచేదట. స్నేహితులు ఎక్కడికి పోయారో తెలియదు, చిరునామా లేదు. బండికి చిరునామా ఏముంటుంది?

మూడు సంవత్సరములు గడిచాయి. ఒక వేసవిలో ఆ మరాఠీ దంపతులు బిలోలి వైపు నుండి బస్సు దిగి, బొట్టు, బట్టలు పట్టుకొని వాకిట్లోకి వచ్చారు. పెద్ద కుమార్తె పెండ్లి. వారు ఎడ్లను అమ్మివేశారట. ఇప్పుడు లారీలో ఎక్కి కర్ణాటక వైపు కోతకు పోవుచున్నారట. మన పెద్దమ్మ ఇంటి నుండి నలుగురు ఆ పెండ్లికి వెళ్లారు. "బస్సు దిగంగనే కాల్లకు నీల్లిచ్చిన్రు. జొన్నరొట్టె, పిట్లా పెట్టిన్రు. మమ్ముల మంచం మీద కూసుండవెట్టి వాల్లు కింద కూసున్నరు. మేమూ కిందికే దిగినం" అని చెప్పి ఆమె నవ్వింది. ఇప్పుడు ఆమె వాకిట్లో పడుకొని ఉన్న కుక్క ఆ నల్ల కుక్క సంతానమే.

సాయంకాలము సాలూర వైపు వెళ్లాను. మంజీరకు ఇవతల, వరి కోసిన మళ్లలో గొర్రెల మంద దిగి ఉన్నది. మహారాష్ట్ర నుండి వచ్చిన ధనగర్ కాపరులు. రెండు పొట్టి గుర్రముల మీద వంటపాత్రలు, కంబళ్లు, కోళ్ల గంప. గంప మీద ఒక చిన్నపిల్ల. మందకు ముందు ఒక కుక్క, వెనుక రెండు. రాత్రి వల కట్టి గొర్రెలను తోలితే, కుక్కలు తలొక వైపున పడుకుంటాయి. ఎరువు కొరకు రైతులు ఒక్కొక్క మడిలో మంద పెట్టించుకొంటారు. దానికి ధాన్యమో, డబ్బో ఇస్తారు. ఎద్దుబండ్లు పోయినా ఇల్లుతో సహా నడిచేవారు మన దారుల మీద ఇంకా ఉన్నారు. చెరుకు కోతవారూ ఉన్నారు. బోధన్ వైపు మిగిలిన చెరుకును కామారెడ్డి వైపు ఫ్యాక్టరీలకు పంపుతారు. దానిని కోయుటకు కూలీలు ట్రాక్టరులో దిగి పొలము గట్టున గుడిసెలు వేసుకొంటారు.

అమెరికా బండిలో నీళ్ల ట్యాంకు ఉన్నది, పొయ్యి ఉన్నది. అయినా వారు స్నేహితుల ఇంటి ముందు ఆగుతారు. ఏమీ లేని బండివాడు ఆగవలసిన అవసరము మరి ఎంత! చక్రముల మీది ఇంటిని నిలబెట్టేది చక్రములు కావు, దారి ప్రక్కన ఉన్న గడపలు. మన ఊరి పొలిమేరలో ఈ కుటుంబములు దిగినప్పుడు మనము చేయగలిగినవి కొన్ని వ్రాస్తున్నాను.

మొదటిది నీళ్లు. బోరు దగ్గరికి రానివ్వండి. చెంబు వారి చేతికే ఇవ్వండి.

రెండవది పిల్లలు. ఒక నెల ఉన్నా సరే, దగ్గరి ప్రభుత్వ బడికి వారిని తీసుకొనిపోయి ఉపాధ్యాయునితో మాట్లాడండి. మీ పిల్లలను వారితో ఆడనివ్వండి.

మూడవది రేషను. ఒకే దేశము, ఒకే రేషను కార్డు పథకము క్రింద మహారాష్ట్ర కార్డు గలవారు మన ఊరి చౌకధరల దుకాణములో కూడా తమ వంతు బియ్యము తీసుకొనవచ్చును. చాలామందికి ఈ సంగతి తెలియదు. డీలరు దగ్గరకు వెంట వెళ్లి చెప్పండి.

నాలుగవది కుక్కలు. కొత్త కుక్కలు ఊరిలోకి వస్తే ఊరి కుక్కలతో పోట్లాట తప్పదు, కొన్నిసార్లు మనుష్యులను కూడ కరుస్తాయి. రాళ్లు విసరవద్దు. వారి కుక్కలకూ, మన కుక్కలకూ రేబిస్ టీకా వేయించండి. జూలై 6వ తేదీ జూనోసిస్ దినమున పశువైద్యశాలలలో ఈ టీకా ఉచితముగా వేస్తుంటారు. కుక్క కరిస్తే పసుపు, కారము, సున్నము పెట్టకండి. సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషములు కడిగి, అదే దినము ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకొనండి. వ్యాధి లక్షణములు కనబడిన తరువాత బ్రదికించుట దాదాపు అసాధ్యము.

అబ్రాహాము కూడా గుడారములలో కాపురమున్నవాడే. ఎండవేళ చెట్టు క్రింద ముగ్గురు బాటసారులు కనబడగానే, మీరెవరు, ఏ ఊరు అని ఆయన అడుగలేదు. కాళ్లకు నీళ్లు తెప్పించాడు, చెట్టు నీడ చూపించాడు, రొట్టెలు చేయించాడు. తాను బాటసారిగా ఉన్నవాడు గనుక బాటసారి దప్పిక ఆయనకు తెలుసు.

వరి కోతలు ముగిసి మంద మీ చేనులోకి వచ్చినప్పుడు, చెరుకు కోతకు ట్రాక్టరు మీ గట్టున దిగినప్పుడు, మీ వాకిట్లో చెట్టు ఉంటే దాని నీడను, బావి ఉంటే దాని చేదను వారికి చూపించండి. వారి పేర్లు అడిగి గుర్తుపెట్టుకొనండి. మరుసటి సంవత్సరము వారు వచ్చినప్పుడు పేరుపెట్టి పిలువవచ్చును.